చర్చికి ఎదురుగా నిలిచిన కెమెరా - వాకర్ ఇవాన్స్

వాకర్ ఇవాన్స్ 1903లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జన్మించారు. రచయిత కావాలని 1926లో పారిస్ వెళ్ళారు. అది కుదరక తిరిగివచ్చి కెమెరా పట్టారు. 1935లో, ఆర్థిక మాంద్యంతో రైతులు చితికిపోయిన రోజుల్లో, పల్లెల పరిస్థితిని ఫోటోలు తీసే ప్రభుత్వోద్యోగం దొరికింది.

1936లో దక్షిణ కరోలినాలో నల్లజాతి వారి చెక్క చర్చిని ఆయన తీసిన తీరు చూడాలి. పేదల కట్టడం కదా అని జాలి పుట్టేలా ఏదో మూల నుంచి తీయలేదు. పెద్ద కెమెరాను సరిగ్గా ఎదురుగా నిలిపారు. ఫిల్ము ఒక్కొక్కటీ 10 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు. నల్లగుడ్డ కప్పుకొని, అద్దం మీద తలకిందులుగా కనబడే బొమ్మను సరిచూసుకోవాలి. కెమెరాను పైకి వంచితే గోడలు లోపలికి వాలినట్లు వస్తాయి. అందుకే అలాంటి కెమెరాలో లెన్సును మాత్రమే పైకి జరుపుతారు. అప్పుడే ఎడమా కుడీ తూకం తప్పవు. రంగులు లేవు కనుక పలకల గీతలూ నీడలే కంటికి ఆనుతాయి. మహాభవనం ముందు నిలబడినట్టే ఆ చర్చి ముందు నిలబడ్డారు. నాకు ఆయనలో నచ్చింది ఇదే.

కాలేజీ మధ్యలో మానేసిన ఈ మనిషి 1965 నుంచి యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు! 1975లో మరణించారు. ప్రభుత్వం కోసం తీసిన ఆ నెగెటివ్‌లు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. వాటిని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.