కబురు కోసం కష్టపడిన మోర్స్

ఈసారి మన గోడపత్రికకి నేను శామ్యూల్ మోర్స్ గారి గురించి రాస్తున్నాను. ఆయన 1791లో అమెరికాలో పుట్టాడు. మొదట సైంటిస్టు కాదు, బొమ్మలు వేసే చిత్రకారుడు.

1825లో ఆయన వాషింగ్టన్‌లో పని మీద ఉండగా ఇంటి దగ్గర భార్య చనిపోయింది. ఆ కాలంలో కబురంటే ఉత్తరమే. ఆయన ఇల్లు చేరేసరికి ఆమెను పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది. ఇది చదివితే నాకు ఏడుపొచ్చింది. మా ఊళ్లో ఇప్పటికీ ఫోను సిగ్నల్ అందదు, కబురు మనిషే తేవాలి.

1832లో ఓడలో వస్తుంటే, తీగలో కరెంటు పంపి కబురు చెప్పొచ్చని ఆయనకి తోచింది. చుక్క, గీత, ఈ రెండింటితోనే అక్షరాలన్నీ. ఇంగ్లీషులో ఎక్కువగా వచ్చే ‘ఇ’కి ఒక్క చుక్కే. ఆల్ఫ్రెడ్ వెయిల్ అనే ఆయన సాయం చేశాడు. పన్నెండేళ్లు కష్టపడ్డాక 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి, సుమారు 60 కిలోమీటర్లు, కబురు చేరిపోయింది.

ఆయన బానిసత్వాన్ని సమర్థించాడు. అది నాకు అస్సలు నచ్చలేదు. గొప్పవాళ్ల గురించి అది కూడా రాయాలి కదా.

1872లో చనిపోయాడు. తర్వాత రేడియో వచ్చింది గానీ చుక్కా గీతా పోలేదు, కొద్దిగా మారాయి అంతే. సరదాగా రేడియో నడిపే హామ్‌లు 5 వాట్ల చిన్న రేడియోతో తీగ లేకుండానే వేరే దేశాలకి పంపుతారు, పోటీలు కూడా పెట్టుకుంటారు. మాట సరిగా వినపడనప్పుడు కూడా ఆ చప్పుడు తెలుస్తుంది. మన దేశంలో దానికి పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. ఆ పరీక్ష నేను రాస్తాను.