డాక్టరు బ్రహ్మప్రకాశ్

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోయివచ్చు మన విద్యార్థులు అచ్చటి శిల్పుల పనిని చూచియే యుందురు. శిలలో వెండ్రుకవాసి జీర యున్నను, ఉలి తాకినంతనే విగ్రహము రెండగును. లోహములందును అట్టి దోషములు గలవు. కాని అవి కంటికి గానరావు. వానిని పది లక్షల పాళ్లలో నిన్ని పాళ్లని లెక్కింపవలయును. ఆ లెక్కలతోనే జీవితమును గడపిన మహనీయుడు డాక్టరు బ్రహ్మప్రకాశ్ గారు.

వీరు 1912వ సంవత్సరమున లాహోరు నగరమున జన్మించిరి. రసాయనశాస్త్రమున ఉన్నతవిద్య ముగించి, అమెరికాకేగి లోహశాస్త్రమును అభ్యసించిరి. 1951లో బెంగుళూరు విజ్ఞానసంస్థయందు లోహశాస్త్రశాఖకు అధ్యక్షులైరి. ఆ పీఠమెక్కిన ప్రథమ భారతీయులు వీరే. పిమ్మట బొంబాయి చెంతనున్న ట్రాంబే అణుశక్తి సంస్థకు వచ్చిరి.

అచ్చట వీరికి లభించిన పని సామాన్యమైనది కాదు. రియాక్టరునందు యురేనియపు పరమాణువు చీలినపుడు న్యూట్రానులు వెడలును. అవి మరల యురేనియమును తాకినగాని ఆ క్రియ సాగదు. బోరాను అను మూలకము లేశమాత్రము కలిసియున్నను వానిని మ్రింగివేయును. ఇది యొక చిక్కు. రెండవది ఇంతకంటె వింతయైనది. వేగముగల న్యూట్రానులు లోహమందలి పరమాణువులను తమ స్థానములనుండి త్రోసివేయగా, లోహము గట్టిపడి పెళుసగును, కొన్నియెడల ఉబ్బును. ఈ హానికి లోపలి మాలిన్యములు తోడుపడును. రియాక్టరు పాత్రకు వాడు ఉక్కులో రాగి నూటికి 0.1 పాలు మించినచో, ఆ తాకిడికి రాగి పరమాణువులు చిన్న చిన్న గుంపులుగా కూడి ఉక్కును పెళుసు చేయును. అట్లని అన్యలోహమెల్ల శత్రువని తలపరాదు. ఇంగ్లండునందు యురేనియపు కడ్డీలు అంతగా ఉబ్బకుండుటకు, పది లక్షల పాళ్లకు కొన్ని వందల పాళ్ల ఇనుమును అల్యూమినియమును బుద్ధిపూర్వకముగనే కలిపిరి! దేనిని తీయవలెను, దేనిని ఎంత యుంచవలెను అనుటయే ఈ విద్యయందలి కష్టము.

1960 జూలైలో ట్రాంబేయందు సైరస్ రియాక్టరు పనిచేయ నారంభించెను. దానికి మొదట వాడిన ఇంధనపు కడ్డీలలో సుమారు సగము మన దేశముననే తయారైనవి. ఆ పనికి నాయకులు బ్రహ్మప్రకాశ్ గారు.

ఇంధనమును కప్పు గొట్టములకు జిర్కోనియము మేలైనది. కాని ఖనిజమందు దానికి హాఫ్నియము కవలవలె అంటియుండును. అది జిర్కోనియముకంటె అయిదువందల రెట్లకు పైగా న్యూట్రానులను గ్రహించును. రెండింటి రసాయనగుణములును ఒక్క తీరైనందున వేరుచేయుట మిక్కిలి దుష్కరము. ఆ విధానమును వీరును సహచరులును ట్రాంబేయందు సాధించిరి. 1971లో మన హైదరాబాదునందు నెలకొన్న న్యూక్లియర్ ఫ్యుయల్ కాంప్లెక్సునకు ఆ కృషియే పునాది.

1972లో వీరు తిరువనంతపురమందలి విక్రం సారాభాయి అంతరిక్ష కేంద్రమునకు అధ్యక్షులైరి. 1979 ఆగస్టులో తొలి ఉపగ్రహవాహకము సముద్రమున కూలినది. ఆ పనికి బాధ్యులైన అబ్దుల్ కలాము గారు అలసటచే గాఢనిద్ర పోయి, మేలుకొని చూడగా, పడక ప్రక్కన బ్రహ్మప్రకాశ్ గారు కూర్చుండియుండిరట. నింద యొక్కటియు లేదు. ఇద్దరును కలిసి భోజనమునకు పోయిరి. ఈ సంగతిని కలాము గారే తమ స్వీయచరిత్రయందు వ్రాసికొనిరి.

డాక్టరు బ్రహ్మప్రకాశ్ గారు 1984 జనవరిలో కాలధర్మము నొందిరి.