ఏఎస్ రావు నగర్‌లో ఆ ‘ఏఎస్ రావు’ ఎవరు? ఉప్పల్ పక్కన ఎలక్ట్రానిక్స్ కోట కట్టిన మొగల్లు కుర్రాడి కథ

హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఎడమకో కుడికో తిరిగి నాచారం రోడ్డు ఎక్కితే.. మల్లాపూర్, ఎన్‌ఎఫ్‌సీ దాటాక ఈసీఐఎల్ చౌరస్తా వస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే ఏఎస్ రావు నగర్. బట్టల షాపులు, టిఫిన్ సెంటర్లు, కోచింగ్ సెంటర్లు, సాయంత్రమైతే కదలని ట్రాఫిక్. రోజూ వేల మంది ఈ పేరు పలుకుతారు. బస్ కండక్టర్‌కి చెప్తారు, క్యాబ్ యాప్‌లో కొడతారు. కానీ అసలు ఆ ఏఎస్ రావు ఎవరని అడిగితే.. రాజకీయ నాయకుడు అనుకునేవాళ్లే ఎక్కువ!

కాదు. ఆయన ఎలక్ట్రానిక్స్ మనిషి. ఇప్పుడు నాచారంలోనో ఉప్పల్‌లోనో హాస్టల్ రూమ్‌లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో సర్క్యూట్ బోర్డు డిజైన్ చేసుకుంటున్న ఇంజినీరింగ్ కుర్రాళ్లు ఉంటారు కదా.. వాళ్లు చేస్తున్న పనిని ఈ ఏరియాకి తీసుకొచ్చిన పెద్దమనిషి.

పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. 1914 సెప్టెంబర్ 20న పుట్టారు. ఊరు భీమవరం దగ్గర మొగల్లు. అవును, అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరు కూడా అదే. అక్కడి నుంచి చదువు కోసం కాశీ దాకా వెళ్లారు. బనారస్ హిందూ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే పాఠాలు కూడా చెప్పారు. ఆ తర్వాత 1946 ప్రాంతంలో టాటా స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కి వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ పూర్తి చేశారు.

అప్పటికి సిలికాన్ వ్యాలీ అన్న పేరే పుట్టలేదు. స్టాన్‌ఫర్డ్ కుర్రాళ్లు హ్యూలెట్, ప్యాకర్డ్ ఇద్దరూ 1939లో ఒక గ్యారేజీలో మొదలుపెట్టిన కంపెనీ అప్పుడప్పుడే ఎదుగుతోంది. ట్రాన్సిస్టర్ కూడా 1947 డిసెంబర్ దాకా రాలేదు. రేడియో అయినా, కొలిచే మీటర్ అయినా అంతా వాల్వులే.. వేడెక్కే గాజు గొట్టాలు.

ఇక్కడ ఒక్క మాట. అమెరికాలోనే ఉండిపోయి ఉంటే ఆయనకి ఏ లోటూ ఉండేది కాదు. కానీ వెనక్కి వచ్చేశారు. వచ్చి చేరింది ఎక్కడో తెలుసా? బొంబాయిలో హోమీ భాభా పెట్టిన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో.

కొనలేం.. కాబట్టి చేసుకుందాం

అక్కడ మొదటి పని కాస్మిక్ కిరణాల మీద. ఆకాశం నుంచి వచ్చే ఈ కిరణాలు కంటికి కనపడవు. కౌంటర్ ట్యూబ్‌లోంచి ఒక కణం వెళ్తే చిన్న కరెంటు పల్స్ వస్తుంది. ఆ పల్స్‌ని పట్టుకోవాలి, పెద్దది చేయాలి, లెక్కపెట్టాలి. రెండు మూడు కౌంటర్లు ఒకేసారి మోగితేనే అది నిజమైన కణం అని తేల్చే సర్క్యూట్ కావాలి. ఇదంతా సెకనులో లక్షల వంతుల్లో జరిగిపోవాలి. ఆ పరికరాలు బయట కొందామంటే విదేశీ మారకం లేదు. ఒకవేళ కొన్నా, పాడైతే బాగుచేసేవాడు లేడు. అందుకని ఫిజిక్స్ చేయాలనుకున్నవాళ్లు ముందు సోల్డరింగ్ చేతికి తీసుకోవాల్సి వచ్చింది. రావు గారి జీవితం మొత్తం తిరిగిన మలుపు ఇదే అని చెప్పొచ్చు. సైంటిస్టుగా వెళ్లిన మనిషి పరికరాలు చేసే మనిషి అయ్యారు.

ఆ టీమ్ తర్వాత ట్రాంబే అణుశక్తి కేంద్రంలో ఎలక్ట్రానిక్స్ విభాగంగా పెరిగింది. దానికి ఆయనే పెద్ద. అసలు పరీక్ష 1956లో వచ్చింది. అప్సర రియాక్టర్! ఇంధనం బ్రిటన్ నుంచి తెచ్చారు. రియాక్టర్ డిజైన్, కట్టడం మనవాళ్లదే. దాని కంట్రోల్ సిస్టమ్ బాధ్యత రావు గారి టీమ్‌ది.

కంట్రోల్ సిస్టమ్ అంటే ఏదో స్విచ్ బోర్డు అనుకునేరు. రియాక్టర్‌లో న్యూట్రాన్లు ఎన్ని పుడుతున్నాయో క్షణక్షణం కొలవాలి. లెక్క హద్దు దాటుతుంటే, మనిషి చెయ్యి కదలకముందే రాడ్లు లోపలికి పడిపోయి మొత్తం ఆగిపోవాలి. ఒక్క వాల్వు మాడిపోయినా, ఒక్క సోల్డర్ జాయింట్ వదులైనా తప్పుడు రీడింగ్ వస్తుంది. అలాంటి పనిని అంతకుముందు ఎప్పుడూ రియాక్టర్ నడపని దేశంలో, సొంతంగా చేసిన సర్క్యూట్లతో నెగ్గించాలి. 1956 ఆగస్టు 4న అప్సర పనిచేయడం మొదలుపెట్టింది. సోవియట్ యూనియన్‌ని పక్కనపెడితే ఆసియాలోనే అది మొదటి రియాక్టర్. 1960లో రావు గారికి పద్మశ్రీ వచ్చింది. 1965లో భట్నాగర్ అవార్డు, 1972లో పద్మభూషణ్. అవార్డుల సంగతి ఇంతటితో వదిలేద్దాం, ఎందుకంటే అసలు కథ ఆ తర్వాతే.

1962 యుద్ధం నేర్పిన పాఠం

చైనాతో యుద్ధం తర్వాత ఢిల్లీలో అందరికీ ఒక విషయం బాగా తెలిసొచ్చింది. వైర్‌లెస్ సెట్లు, రాడార్లు, వాటిలోని విడిభాగాలు.. దేనికీ మన దగ్గర సరైన పరిశ్రమ లేదు. 1963 ఆగస్టులో ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. ఛైర్మన్ భాభా. సభ్యులు ముగ్గురే.. విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఏఎస్ రావు. గమనించారా? నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు. భగవంతం గారు కృష్ణా జిల్లా మనిషి, అప్పటికి రక్షణ మంత్రికి సైంటిఫిక్ అడ్వైజర్.

కమిటీ రిపోర్టు 1966లో వచ్చింది. దానికి కాస్త ముందే, జనవరి 24న, విమాన ప్రమాదంలో భాభా పోయారు. రిపోర్టు సారాంశం సింపుల్. బయటి నుంచి డబ్బాలు తెచ్చి బిగించుకుంటే అది పరిశ్రమ కాదు. రెసిస్టర్, కెపాసిటర్ లాంటి చిన్న భాగాల దగ్గర నుంచి ఇక్కడే తయారవ్వాలి.

చెప్పడం వేరు, చేయడం వేరు. చేయాల్సిన పని రావు గారి మీద పడింది. 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అదే మన ఈసీఐఎల్, మొదలైంది. ట్రాంబేలో పెరిగిన ఎలక్ట్రానిక్స్ టీమే దాని పునాది. మొదటి మేనేజింగ్ డైరెక్టర్ ఆయనే. అప్పటికి వయసు 52 దాటింది. చాలామంది రిటైర్మెంట్ లెక్కలు వేసుకునే టైమ్‌లో ఆయన ఊరు బయట ఖాళీ జాగాలో ఫ్యాక్టరీ మొదలుపెట్టారు.

ఆ తర్వాత నాలుగైదేళ్లలో ఈ ప్రాంతం రూపమే మారింది. 1971లో పక్కనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వచ్చింది. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ సెంటర్ కూడా ఈసీఐఎల్ దగ్గరే పెట్టారు. రావు గారు కుర్రాడిగా పనిచేసిన కాస్మిక్ కిరణాల పరిశోధన ఇలా ఆయన గుమ్మం ముందుకే వచ్చింది! నాచారం, మల్లాపూర్, చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలు, కుషాయిగూడ ఎలక్ట్రానిక్ కాంప్లెక్స్.. వీటిలో చిన్న చిన్న యూనిట్లు పెరిగాయి. నాచారం అంటే ఎన్టీఆర్ స్టూడియో గుర్తొచ్చే తరం ఒకటుంది. వాళ్ల పక్కింట్లోనే ఈసీఐఎల్ బ్యాడ్జి పెట్టుకుని షిఫ్టుకి వెళ్లే తరం కూడా ఉంది.

ఒక బోర్డు చేయాలంటే ఎంత పని

ఇప్పుడు బోర్డు డిజైన్ చేసే పిల్లలకి ఇది వింతగా అనిపించొచ్చు. ఆ రోజుల్లో సర్క్యూట్ బోర్డు డిజైన్ అంటే చేతి పని. కింద లైట్ ఉన్న బల్ల మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ పరిచేవాళ్లు. అసలు సైజుకి రెండింతలో నాలుగింతలో పెద్దగా, నల్లటి సన్న టేపు అంటించుకుంటూ ఒక్కో లైన్ వేసేవాళ్లు. ఐసీ కాళ్ల దగ్గర గుండ్రటి స్టిక్కర్లు. పూర్తయ్యాక ఫొటో తీసి చిన్నది చేసి, రాగి పూత ఉన్న బోర్డు మీదకి ఎక్కించి, అక్కర్లేని రాగిని యాసిడ్‌లో కరిగించేవాళ్లు. ఆ తర్వాత డ్రిల్లింగ్. మధ్యలో ఒక్క లైన్ తప్పు పడిందా? టేపు పీకి మళ్లీ మొదలు. రెండు లైన్లు పొరపాటున తగిలాయా లేదా అన్నది కళ్లతో చూసుకోవాల్సిందే.

ఇలాంటి బోర్డులు వరసగా గుచ్చి కంప్యూటర్లు చేశారు. ట్రాంబేలో డిజైన్ అయిన టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్ 1969లో బయటికొచ్చింది. ఈసీఐఎల్ దాన్ని తయారుచేసి అమ్మింది. తర్వాత 1974లో టీడీసీ-312, మరుసటి ఏడాది 16 బిట్ల టీడీసీ-316. అణు విద్యుత్ కేంద్రాల కంట్రోల్ ప్యానెళ్లు, ఎర్త్ స్టేషన్ యాంటెనా.. ఇవి ఒకవైపు. ఇంకోవైపు ఇంట్లో పెట్టుకునే ఈసీ టీవీ! వాల్వులు లేని సాలిడ్ స్టేట్ టీవీ. మీ తాతయ్య ఇంట్లో చెక్క షట్టర్ల బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేదంటే, దాని మీద ఈసీ అని రాసి ఉండే అవకాశం ఉంది.

అయితే అంతా బ్రహ్మాండం అని చెప్తే అబద్ధమవుతుంది. టీడీసీ కంప్యూటర్లు కొన్నది ఎక్కువగా ప్రభుత్వ ల్యాబ్‌లు, యూనివర్సిటీలే. బయటి దేశాల్లో అదే టైమ్‌లో వస్తున్న మెషీన్లు వీటికంటే వేగంగా, చవకగా ఉన్నాయన్న విమర్శ అప్పుడే వచ్చింది. 1970ల్లో దేశంలో కంప్యూటర్ల తయారీకి దాదాపు ఈసీఐఎల్ ఒక్కదానికే దారి వదిలి, మిగతావాళ్లని ఆపారన్న కోపం కూడా ఉంది. ఆ దశాబ్దం చివర్లో ప్రైవేటు కంపెనీలకి తలుపులు తెరిచారు. మైక్రోప్రాసెసర్ వచ్చాక ఆట నియమాలే మారిపోయాయి. చిప్ బయట నుంచే రావాలి, చిప్ లేనిదే బోర్డు లేదు. రావు గారి కమిటీ చెప్పిన చిన్న భాగాల సమస్య అక్కడే ముదిరింది.

మా లెక్కలో రావు గారి అసలు ఆస్తి ఆ కంప్యూటర్లు కాదు, మనుషులు. సర్క్యూట్ గీయడం, బోర్డు చేయడం, పాడైతే మీటర్ పెట్టి వెతికి బాగుచేయడం వచ్చిన వేల మంది ఒకే ఊరి చివర పోగయ్యారు. వాళ్ల పిల్లలు అదే వాతావరణంలో పెరిగారు.

ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందంటే.. టేపు, లైట్ బల్ల అక్కర్లేదు. కైక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుంటే చాలు. ఫ్రాన్స్‌లో పాఠాలు చెప్పుకునే జాన్ పియెర్ షరాస్ 1992లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది. సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. 2013 నుంచి యూరప్‌లోని అణు పరిశోధన కేంద్రం సెర్న్ వాళ్లు దీనికి ఇంజినీర్లని పెట్టి బాగా పెంచారు. విచిత్రం చూడండి.. ట్రాంబేలో జరిగిందీ ఇదే. కణాల్ని కొలవాలనుకున్న ల్యాబ్‌లు తమ కోసం చేసుకున్న పనిముట్లే తర్వాత అందరి చేతికీ వచ్చాయి.

సర్క్యూట్ గీస్తారు, భాగాల్ని బోర్డు మీద సర్దుతారు, లైన్లు కలుపుతారు. ఎక్కడ రెండు లైన్లు తగిలాయో, ఎక్కడ దూరం తక్కువైందో సాఫ్ట్‌వేరే పట్టిస్తుంది. గర్బర్ ఫైళ్లు తీసి తయారీదారుకి పంపితే బోర్డు ఇంటికొస్తుంది. ఓపికుంటే ఇంట్లోనే లేజర్ ప్రింట్ తీసి ఇస్త్రీ పెట్టెతో రాగి బోర్డు మీద అచ్చు దింపి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచేవాళ్లూ ఉన్నారు. (చేతికి గ్లౌజులు మర్చిపోకండి, ఆ మరక అంత తొందరగా పోదు.) రెసిస్టర్లు, కనెక్టర్ల కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లడం మాత్రం మారలేదు. అక్కడ కొన్న మైక్రోకంట్రోలర్ మీద ఏ దేశం పేరుందో చూస్తే, 1966 నాటి రిపోర్టు ఎందుకు రాశారో అర్థమైపోతుంది.

రావు గారి కాలంలోనే మొలకెత్తి ఆయన కళ్ల ముందే చెట్టయిన పని ఇంకొకటుంది. 1977లో ఎన్నికల సంఘం ఓటింగ్‌కి మెషీన్ కావాలని ఆలోచిస్తే, ఆ పని ఈసీఐఎల్‌కే వచ్చింది. 1979లో నమూనా తయారైంది. 1980 ఆగస్టు 6న పార్టీల ముందు నడిపి చూపించారు. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగ్ బూత్‌లలో ఓట్లు దానిమీదే వేశారు. చట్టంలో చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ ఎన్నికని పక్కనపెట్టింది. తర్వాత చట్టం మార్చారు, కానీ మెషీన్లు దేశమంతా తిరగడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

ఏఎస్ రావు 2003 అక్టోబర్ 31న కన్నుమూశారు. వయసు 89. ఆరు నెలలు తిరక్కముందే, 2004 లోక్‌సభ ఎన్నికల్లో మొదటిసారి దేశంలోని అన్ని నియోజకవర్గాల్లో ఈవీఎంలు పెట్టారు. వాటిని తయారుచేసిన సంస్థలు రెండే. ఒకటి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. రెండోది నాచారం రోడ్డు చివర్లో ఉన్న ఈసీఐఎల్.