మూసీ వరద వెనుక 221 గండ్లు.. విశ్వేశ్వరయ్య లెక్క మీ కాలనీకి ఎందుకు కావాలి?

హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారన్న అలర్ట్ ఏటా వానాకాలంలో మీ ఫోన్‌కు వస్తూనే ఉంటుంది. ఆ జలాశయం అక్కడెందుకు ఉందో ఎప్పుడైనా ఆలోచించారా? హైదరాబాద్ దాహం తీర్చడం ఒక కారణం. వరదను ఊరి బయటే ఆపడం ఇంకో కారణం. అలా ఆపాలని చెప్పిన ఇంజినీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన పుట్టింది కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో. ఇంటిపేరు మాత్రం మనదే. పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ చదువుకున్నారు. పుణెలో ఇంజినీరింగ్ పూర్తిచేసి 1884లో బొంబాయి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. పుణె దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన ఆటోమేటిక్ గేట్లతో పేరు మారుమోగింది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికిన కథ మీరు వినే ఉంటారు. అప్పుడు ఐరోపా పర్యటనలో ఉన్న విశ్వేశ్వరయ్యకు నిజాం ప్రభుత్వం కబురు పంపింది. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాద్ వచ్చి పనిలో దిగారు.

వాన ఎక్కువ పడింది కాబట్టి వరద వచ్చింది అని రాసి వెళ్లిపోవచ్చు. నిజంగానే శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు కురిసింది. కానీ ఆయన అక్కడ ఆగలేదు. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతంలో ఎన్ని చెరువులున్నాయో లెక్క తీశారు. మొత్తం 788. అంటే దాదాపు చదరపు మైలుకో చెరువు. వాటిలో 221 తెగిపోయాయి. అందులో 182 ఒక్క ఈసీ వైపే. చింతచెట్టు కథ కన్నా మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఈ అంకెలే.

ఎందుకంటే మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే నీళ్లు కింది చెరువుకు చేరతాయి. కానీ పై కట్టకు గండిపడితే? ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది కట్ట మీద పడతాయి. అదీ తెగుతుంది. ఆ తర్వాతదీ అంతే. నగరాన్ని ముంచింది వాన ఒక్కటే కాదు, ఈ గండ్లు కూడా.

ఆయన నివేదిక 1909 అక్టోబర్ 1న అందింది. మూసీ, ఈసీల మీద నగరానికి ఎగువన రెండు వరద జలాశయాలు కట్టాలన్నది అందులో ప్రధాన సూచన. నది ఒడ్డులు ఎత్తు చేసి పార్కులు, రోడ్లు వేయాలన్నారు. భూగర్భ డ్రైనేజీ ప్రణాళిక కూడా ఇచ్చారు. ఆ వెంటనే చీఫ్ ఇంజినీర్‌గా మైసూరు వెళ్లిపోయారు. 1912లో దివాన్ అయ్యారు. 1955లో భారతరత్న, 1962లో కన్నుమూత.. మిగతాదంతా ఏటా సెప్టెంబర్ 15న ఇంజినీర్స్ డే వ్యాసాల్లో చదువుతూనే ఉంటారు. ఆయన వెళ్లాక ఇక్కడ 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ అంటే మన గండిపేటే.

మరి జంట జలాశయాలుండగా 2020 అక్టోబర్‌లో పాతబస్తీ ఎందుకు మునిగింది? బాలాపూర్ దగ్గర గుర్రం చెరువుకు గండిపడింది. అది జంట జలాశయాలకు దిగువన ఉన్న చెరువు. అక్కడ తెగిన కట్టను గండిపేట ఆపలేదు. విశ్వేశ్వరయ్య వేసిన లెక్కను ఊరి లోపలి చెరువులకు కూడా వేసుకోవాల్సింది ఇప్పుడు మనమే.

కాబట్టి మీ కాలనీ సంఘం వానాకాలానికి ముందే ఒకరోజు కేటాయించాలి. మీ ఎగువన ఏ చెరువుంది, దాని అలుగు ఎటు, ఆ నీళ్లు ఏ నాలాలోకి వెళ్తాయి.. నడిచి చూడండి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు నిలిచే హద్దు. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో మ్యాపులున్నాయి, మీ వీధి ఆ గీతకు ఎటువైపుందో చూసుకోండి. అలుగుకు అడ్డంగా గోడ కనిపించినా, కట్ట మీద నీళ్లు ఊరుతున్నా ఫొటో తీసి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి. పడకేసిన పెద్దవాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారో సంఘం దగ్గర జాబితా ఉండాలి. రాత్రి నీళ్లొస్తే మొదట తట్టాల్సినవి ఆ తలుపులే. వాతావరణ హెచ్చరికలకు సచేత్ యాప్, అత్యవసరమైతే 112.