శుక్లానికి కత్తి.. నీటికాసులకు చుక్క

కోవిల్‌పట్టి: మదురై అరవింద్ కంటి ఆసుపత్రి పేరు తెలియని ఇల్లు కోవిల్‌పట్టి, విరుదునగర్ పల్లెల్లో అరుదు. దాన్ని నెలకొల్పిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ఈ నల్లరేగడి బిడ్డే. ఎట్టయాపురం దగ్గరి వడమలాపురంలో 1918 అక్టోబరు 1న రైతు ఇంట పుట్టారు. కాగితం, పెన్సిలు లేని బడి. ఏటి ఇసుక పరచి వేలితో అక్షరాలు దిద్దారు.

వంకరపోయిన వేళ్లు

కాన్పు కష్టమై బంధువుల ఆడపడుచులు ముగ్గురు చనిపోవడంతో ప్రసూతి వైద్యుడు కావాలనుకున్నారు. 1944లో మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో చదువు ముగించి సైన్యంలో చేరారు. ఇంతలో కీళ్లవాతం పట్టుకుంది. ఏడాదికి పైగా మంచంలోనే. వేళ్లు వంకరపోయి పెన్ను పట్టడమే గగనమైంది. ప్రసూతి వైద్యం ఆశ వదిలి కంటి వైద్యం చదివారు. తన చేతికి వీలైన పరికరాలు చేయించుకుని ఆపరేషను నేర్చుకున్నారు. ఆ చేతులతోనే లక్షకు పైగా కళ్లకు శస్త్రచికిత్స చేశారు. 1973లో పద్మశ్రీ అందుకున్నారు.

1976లో ప్రభుత్వ కొలువు నుంచి రిటైరయ్యాక 11 పడకలతో మదురైలో ఆసుపత్రి తెరిచారు. ఉన్నవారి ఫీజుతో లేనివారికి ఉచిత వైద్యం.. ఇదీ ఆయన లెక్క. విదేశీ లెన్సుల ధర పేదలకు అందకపోవడంతో 1992లో సంస్థ ఆరోల్యాబ్‌ను పెట్టి చౌకగా తయారు చేయించింది.

పోయిన చూపు రాదు

శుక్లం తీస్తే చూపు తిరిగొస్తుంది. నీటికాసులు, అంటే గ్లకోమా, అలా కాదు. కంటి లోపలి ఒత్తిడి దృష్టి నరాన్ని మెల్లగా దెబ్బతీస్తుంది. చాలామందికి నొప్పే ఉండదు. పక్కచూపు ముందు పోతుంది కాబట్టి ఆలస్యంగా గానీ తెలియదు. తమిళనాడు దక్షిణ జిల్లాలు మూడింటిలో 40 దాటిన 5,150 మందిని అరవింద్ వైద్యులు పరీక్షించారు. 2.6 శాతం మందికి ఈ జబ్బు ఉన్నట్టు 2003లో ప్రకటించారు. వారిలో ఎక్కువమందికి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు.

పోయిన నరాన్ని ఏ మందూ తేలేదు. మిగిలినదాన్ని చుక్కల మందు కాపాడగలదు. టిమోలాల్ కంట్లో నీరు ఊరడం తగ్గిస్తుంది. లాటనోప్రోస్ట్ ఆ నీరు బయటికి పోయేలా చేస్తుంది. ఆస్తమా ఉన్నవారు టిమోలాల్ వేసుకునే ముందే డాక్టరుకు చెప్పాలి. చూపు బాగానే ఉంది కదా అని చుక్కలు మానేస్తే మొదటికే మోసం.

వెంకటస్వామి 2006 జులై 7న, 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆరోల్యాబ్ ఇప్పుడు నీటికాసుల మందులూ తయారుచేస్తోంది. మందు చౌకైనా రోజూ వేసుకోవాల్సింది రోగే. 40 దాటినవారు, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవారు చూపు తగ్గేదాకా ఆగకుండా కంటి ఒత్తిడి, నరం పరీక్ష చేయించుకోవాలి.