వీధి బొమ్మ నేర్చుకున్న వాన్ గో



పోయిన నెల నేను వారపు సంత జరిగే వీధి బొమ్మ వేశాను. అటూ ఇటూ దుకాణాలు, మధ్యలో రోడ్డు. తీరా చూస్తే రోడ్డు నేల మీద పడుకోకుండా నిచ్చెన లాగా పైకి లేచి నిలబడింది. దూరంగా ఉన్న మనిషి దగ్గరున్న ఇంటికంటే పొడుగొచ్చాడు. డార్మిటరీలో అందరూ ఒకటే నవ్వు. బొమ్మలు పుట్టుకతో రావాలి, నా వల్ల కాదు అనుకొని కాగితం చించేశాను. తర్వాత ఒక చిత్రకారుడి జీవితం చదివాను. ఆయన 27 ఏళ్లొచ్చాక గానీ బొమ్మలు నేర్చుకోవడం మొదలుపెట్టలేదు. ఆయనే విన్సెంట్ వాన్ గో. ఆయన గురించి తెలుసుకుందాం.

వాన్ గో 1853 మార్చి 30న హాలండ్ దేశంలోని జుండెర్ట్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. 16 ఏళ్లకే బొమ్మలు అమ్మే కంపెనీలో పనికి చేరాడు. కొన్నేళ్లకు ఆ పని పోయింది. ఇంగ్లండులో పిల్లలకు పాఠాలు చెప్పాడు. అదీ నిలవలేదు. బెల్జియంలో బొగ్గు గనులున్న బొరినాజ్ ప్రాంతానికి మత బోధకుడిగా వెళ్లాడు. అక్కడ కూలీల బీదతనం చూసి తన బట్టలు పంచిపెట్టి, గుడిసెలో నేల మీద పడుకున్నాడు. బోధకుడు ఇలా ఉండకూడదని పెద్దలు 1879లో ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఇంటివాళ్లు వీడు దేనికీ పనికిరాడని దిగులుపడ్డారు.

1880లో ఆయన చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్నాడు. చేతిలో డబ్బుల్లేవు. తమ్ముడు థియో పంపే డబ్బుతోనే బతకాలి. అందుకని ఎక్కువగా పుస్తకాలు ముందు పెట్టుకొని తనంతట తానే నేర్చుకున్నాడు. బార్గ్ అనే ఆయన తయారుచేసిన 60 నమూనా బొమ్మల్ని ఒక్కొక్కటీ చూసి గీశాడు. కసాన్య్ అనే ఫ్రెంచి ఆయన పుస్తకాలు చదివి పర్‌స్పెక్టివ్ నేర్చుకున్నాడు.

పర్‌స్పెక్టివ్ అంటే ఏమిటి? దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నగా కనిపిస్తాయి కదా, దాన్ని కాగితం మీద లెక్క ప్రకారం చూపించడం. మన బడి వరండాలో ఒక చివర నిలబడి రెండో చివరికి చూడండి. మీ కంటి ఎత్తులో అడ్డంగా ఒక గీత ఉందనుకోండి. కంటికన్నా పైనున్న చూరు అంచు దూరం పోయేకొద్దీ కిందికి దిగుతుంది. కంటికన్నా కిందనున్న అరుగు అంచు పైకి ఎక్కుతుంది. రెండూ ఆ గీత మీద ఒకే చుక్క వైపు పోతాయి. స్తంభాలు పొట్టివౌతూ, దగ్గర దగ్గరగా జరుగుతాయి. రోడ్డయినా రైలు పట్టాలయినా ఇంతే. రోడ్డు అంతటా ఒకే వెడల్పు ఉంటుందని మన మనసుకు తెలుసు. అందుకే అంతటా ఒకే వెడల్పు గీస్తాం. కంటిని నమ్మం. రోడ్డు నిచ్చెన అయ్యేది అక్కడే.

1881 చివర్లో వాన్ గో హేగ్ నగరానికి చేరాడు. పేదవాళ్లుండే వీధులు, వంతెనలు, గ్యాసు ఫ్యాక్టరీ, రొట్టెల దుకాణం, ఏది కనపడితే అది గీసేవాడు. 1882 మార్చిలో కొర్నెలిస్ చిన్నాన్న ఆయన గదికి వచ్చాడు. ఆయన బొమ్మల వ్యాపారి. మొదట నీ తిండి నువ్వెప్పుడు సంపాదించుకుంటావని మందలించాడు. ఆ తర్వాత బొమ్మలు ఒక్కొక్కటే తిరగేస్తుంటే ఒక చిన్న వీధి బొమ్మ కనపడింది. వాన్ గో అర్ధరాత్రి పూట స్నేహితుడితో తిరుగుతూ గీసిన బొమ్మ అది. చిన్నాన్నకు నచ్చింది. అలాంటివి 12 కావాలని అడిగాడు. ఒక్కోదానికి రెండున్నర గిల్డర్లు, మొత్తం 30 గిల్డర్లు. చిత్రకారుడిగా ఆయనకు దొరికిన మొదటి పెద్ద పని ఇదే. చూశారా, ఆ పని తెచ్చింది ఒక వీధి బొమ్మ!

అయితే కష్టాలు తీరిపోలేదు. రెండోసారి ఇంకా శ్రద్ధగా గీసి పంపితే 20 గిల్డర్లే వచ్చాయి. జూన్‌లో జబ్బు చేసి ఆసుపత్రిలో చేరాడు. అక్కడికి కూడా పర్‌స్పెక్టివ్ పుస్తకాలు పట్టుకుపోయి మంచం మీదే చదువుకున్నాడు.

ఆ వేసవిలోనే ఆయన ఒక సాధనం చేయించాడు. చెక్కతో చేసిన చట్రం. దాంట్లో నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు దారాలు లాగి కట్టాడు. ఇసుకలో, బురదలో నిలబడేలా రెండు పొడుగాటి కర్రలకు బిగించాడు. కమ్మరి దగ్గర ఇనప మొనలు పెట్టించాడు. సముద్రపొడ్డున దాన్ని పాతి, కిటికీలోంచి చూసినట్టు దాంట్లోంచి చూసేవాడు. కాగితం మీద కూడా అవే గీతలు తేలిగ్గా గీసుకునేవాడు. ఇంటి చూరు ఏ దారాన్ని ఎక్కడ దాటిందో కాగితం మీద అక్కడే పెట్టేవాడు. ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. సుమారు 350 ఏళ్ల ముందు జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ కూడా ఇలాంటి సాధనం గురించి రాశాడు. వాన్ గో దాన్ని ఏళ్ల తరబడి వాడాడు. పారిస్‌లో ఉండగా వేసిన కొన్ని బొమ్మల్లో రంగు కింద ఆ చట్రం గీతలు ఇప్పటికీ ఉన్నాయని పరిశోధకులు కనిపెట్టారు.

1888లో ఆయన ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణానికి వెళ్లాడు. సెప్టెంబరులో రాత్రి పూట వీధిలో కూర్చుని ఒక కాఫీ హోటలు బొమ్మ వేశాడు. పసుపు పచ్చని వెలుగు, రాళ్లు పరిచిన నేల, లోపలికి పోతూ చీకట్లో కలిసిపోయే వీధి, పైన చుక్కలు. హోటలు పందిరి అంచు, ఇళ్ల గోడలు అన్నీ కన్నును ఆ చీకటి వైపు లాక్కుపోతాయి. రంగులు చూసి లోకం మెచ్చుకుంటుంది గానీ, కింద నిలబెట్టింది ఆరేళ్ల కిందట నేర్చుకున్న గీతలే.

తర్వాత మానసిక జబ్బుతో చాలా బాధపడి, 1890 జూలై 29న, 37వ ఏట ఆయన కన్నుమూశాడు. ఆరు నెలలు తిరక్కుండానే తమ్ముడు థియో కూడా పోయాడు. బతికుండగా అమ్ముడైన బొమ్మలు చాలా తక్కువ. పదేళ్లలో ఆయన 800 పైగా రంగుల చిత్రాలు వేశాడు. థియో భార్య యోహన్నా ఆ బొమ్మల్నీ ఉత్తరాల్నీ కాపాడి లోకానికి చూపించింది. 1973లో ఆమ్‌స్టర్‌డాంలో ఆయన పేర మ్యూజియం తెరిచారు.

ఇది చదివాక నేను పగిలిపోయిన పలక చట్రం తెచ్చి, నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి దారం కట్టాను. కిటికీలో ఆనించి, ఒక కన్ను మూసి, తల కదపకుండా వరండా గీశాను. మూడు కాగితాలు పాడయ్యాయి. నాలుగోదాంట్లో వరండా లోపలికి పోయింది! దాన్ని ఈ పత్రిక పక్కనే అంటించాను, చూడండి. మూడో స్తంభం ఇంకా వంకరే. మీరూ ఒక చట్రం కట్టి మీ ఊరి వీధి గీసి తెండి. నవ్వేవాళ్లు నవ్వనీ. పక్కన బోలెడు జాగా ఉంది.

— 9వ తరగతి విద్యార్థి