మైక్ మూస్

మైక్ మూస్‌గా ప్రసిద్ధుడైన మైఖేల్ జాన్ మూస్ (అక్టోబర్ 16, 1958 - నవంబర్ 20, 2000) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త. నెట్‌వర్కులో ఒక కంప్యూటరు నుండి పంపిన సమాచారం మరొక కంప్యూటరుకు చేరుతున్నదో లేదో పరీక్షించే 'పింగ్' అనే ప్రోగ్రామును 1983 డిసెంబరులో రచించాడు. ఉద్యోగ జీవితంలో అధిక భాగాన్ని త్రిమితీయ నమూనాల నిర్మాణానికి వెచ్చించినప్పటికీ, ఒక్క సాయంత్రంలో వ్రాసిన ఈ చిన్న ప్రోగ్రామే ఇతనికి శాశ్వతమైన కీర్తిని తెచ్చిపెట్టింది.

విద్య, ఉద్యోగం

మూస్ అయోవా రాష్ట్రంలోని అయోవా సిటీలో జన్మించాడు. మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోరు నగరంలో గల జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో చదివాడు. విద్యార్థి దశలో సోనార్, రాడార్ వ్యవస్థలకు నమూనాలు రూపొందించే పనిలో చాలా కాలం గడిపాడు. తరువాత అదే రాష్ట్రంలో అబెర్డీన్ ప్రూవింగ్ గ్రౌండ్ అనే సైనిక స్థావరంలోని బాలిస్టిక్ రీసెర్చ్ లాబొరేటరీలో చేరాడు. తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ప్రసిద్ధమైన ఎనియాక్‌ను ఈ పరిశోధనశాల అవసరాల కొరకే నిర్మించారు. 1992లో ఈ సంస్థ ఆర్మీ రీసెర్చ్ లాబొరేటరీలో విలీనమైంది. మూస్ చివరి వరకు అక్కడే పనిచేశాడు.

పింగ్ నేపథ్యం

1983 జనవరి 1న ఇంటర్నెట్‌కు మాతృక అయిన ఆర్పానెట్ టీసీపీ/ఐపీ పద్ధతికి మారింది. ఈ పద్ధతిలో సమాచారం ప్యాకెట్లుగా విడిపోయి, అనేక రూటర్ల మీదుగా గమ్యం చేరుతుంది. ప్యాకెట్టు చేరనప్పుడు లోపం అవతలి యంత్రంలో ఉన్నదా, మధ్య దారిలో ఉన్నదా, తన యంత్రంలోనే ఉన్నదా అని తేల్చుకోవడం కష్టమయ్యేది. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ రచించిన ఐసీఎంపీ ప్రమాణంలో (ఆర్.ఎఫ్.సి. 792) ఇందుకు ఒక ఆధారం ఉన్నది. 'ఎకో' అభ్యర్థన అందుకున్న యంత్రం, అందులోని సమాచారాన్ని మార్చకుండా ప్రత్యుత్తరంగా తిప్పి పంపవలెనని ఆ ప్రమాణం నిర్దేశించింది.

1983 జూలైలో నార్వేలో జరిగిన డార్పా సమావేశంలో డేవిడ్ మిల్స్ అనే శాస్త్రవేత్త, ఈ ఎకో ప్యాకెట్లతో దారిలోని జాప్యాన్ని కొలిచిన విధానాన్ని వివరించాడు. ఆ మాటలు మూస్ మనసులో నిలిచిపోయాయి.

ఒక్క సాయంత్రం

1983 డిసెంబరులో మూస్ పనిచేసే పరిశోధనశాల నెట్‌వర్కు విచిత్రంగా ప్రవర్తించసాగింది. మిల్స్ చెప్పిన విషయం గుర్తుకు వచ్చి, అప్పుడు 25 ఏళ్ళ వయసున్న మూస్ ఎకో ప్యాకెట్లు పంపే ప్రోగ్రామును వ్రాయడం మొదలుపెట్టాడు. అయితే ఆ ప్యాకెట్లను నేరుగా పంపడానికి కావలసిన ఏర్పాటు అతడు వాడుతున్న బి.ఎస్.డి. యునిక్స్ కెర్నల్‌లో పూర్తిగా లేదు. అందువలన కెర్నల్‌ను కూడా సవరించి ప్రోగ్రాము పనిచేసేలా చేశాడు. సుమారు వెయ్యి పంక్తులు గల ఈ రచన ఒక్క సాయంత్రంలో ముగిసింది.

ఇందులో ఒక విశేషమున్నది. పింగ్ మొదటి ప్యాకెట్టును పంపడానికి సిద్ధమయ్యేసరికే చెడిపోయిన పరికరాన్ని గుర్తించి సరిచేశారు. ఆ విధంగా ఏ లోపాన్ని వెతకడానికి ఈ ప్రోగ్రాము పుట్టిందో, ఆ లోపాన్ని కనుగొనే అవకాశం దానికి దక్కలేదు.

పేరు

జలాంతర్గామి నీటిలోకి ధ్వనిని పంపి, ఎదుటి వస్తువును తాకి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి దాని దూరాన్ని అంచనా వేస్తుంది. ప్రోగ్రాము చేసే పని కూడా ఇటువంటిదే కనుక, సోనార్ చేసే శబ్దాన్నే మూస్ దీనికి పేరుగా ఉంచాడు. 'పింగ్' కొన్ని పదాల మొదటి అక్షరాలతో ఏర్పడిన సంక్షిప్త నామమనే వివరణ తరువాత ప్రచారంలోకి వచ్చింది. మూస్ ఉద్దేశం మాత్రం అది కాదు.

పనిచేయు విధానం

పింగ్ పంపే ప్రతి ప్యాకెట్టులో ఒక వరుస సంఖ్య, పంపిన సమయం ఉంటాయి. ప్రత్యుత్తరంలో అవే తిరిగి వస్తాయి కాబట్టి, రానుపోను పట్టిన కాలాన్ని మిల్లీసెకన్లలో లెక్కించవచ్చు. రెండు యంత్రాల గడియారాలు ఒకే సమయం చూపవలసిన అవసరం లేదు. వరుస సంఖ్యలలో లోటు కనిపిస్తే ఆ ప్యాకెట్లు దారిలో పోయినట్లు తెలుస్తుంది. దారిలోని రూటర్ల చిరునామాలను నమోదు చేసే ఏర్పాటు కూడా తరువాత పింగ్‌లో చేరింది. కానీ ప్యాకెట్టు శీర్షికలో తొమ్మిది చిరునామాలకే చోటున్నది.

మార్గాన్ని పూర్తిగా తెలుసుకోవడానికి 1987లో వాన్ జాకబ్సన్ 'ట్రేస్‌రూట్' రచించాడు. ఇది ప్యాకెట్టు ఆయుఃప్రమాణాన్ని 1, 2, 3 అని ఒక్కొక్కటిగా పెంచుతూ పంపుతుంది. ఆయువు తీరిన చోటి రూటరు ఆ సంగతి తెలియజేయడంతో దారి ఒక్కొక్క మజిలీగా బయటపడుతుంది.

వ్యాప్తి

మూస్ తన ప్రోగ్రామును, కెర్నల్ సవరణలను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి అందజేశాడు. అప్పటి నుండి పింగ్ బి.ఎస్.డి. యునిక్స్‌లో భాగమైంది. ఉచితం కావడం చేత విండోస్ మొదలైన ఇతర వ్యవస్థలకూ విస్తరించింది. 1989 అక్టోబరులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 1122 ఇంటర్నెట్‌లోని ప్రతి యంత్రమూ ఎకోకు బదులిచ్చే ఏర్పాటు కలిగి ఉండవలెనని విధించింది. 2009లో విండోస్ పవర్‌షెల్ 2.0లో వచ్చిన 'టెస్ట్-కనెక్షన్', 2013లో విండోస్ 8.1తో వచ్చిన 'టెస్ట్-నెట్‌కనెక్షన్' అనే ఆదేశాలు ఈ పరీక్షనే స్క్రిప్టులలో వాడుకొనే వీలు కల్పించాయి. వీటిలో రెండవది మార్గాన్ని కూడా చూపగలదు.

ఐతే పింగ్‌కు జవాబు రానంత మాత్రాన అవతలి యంత్రం పనిచేయడం లేదని నిర్ణయించరాదు. 1996-97లో మితిమీరిన పరిమాణం గల ఎకో ప్యాకెట్లతో యంత్రాలను స్తంభింపజేసిన దాడులు, 2003లో ఎకో ప్యాకెట్లతో యంత్రాలను వెదికిన వెల్చియా పురుగు వంటి అనుభవాల వలన అనేక ఫైర్‌వాల్‌లు ఈ ప్యాకెట్లను అడ్డగిస్తాయి.

ఇతర కృషి

1979 నుండి సైనిక వాహనాల త్రిమితీయ నమూనాలను కంప్యూటరులో నిర్మించి విశ్లేషించే బి.ఆర్.ఎల్.-క్యాడ్‌కు మూస్ ప్రధాన రూపశిల్పిగా వ్యవహరించాడు. నెట్‌వర్కు వేగాన్ని కొలిచే 'టీటీసీపీ'ని టెర్రీ స్లాటరీతో కలిసి రూపొందించాడు. పింగ్ తన జీవితంలో అత్యంత ప్రసిద్ధమైన కృషి కాగలదని ముందే తెలిసి ఉంటే, మరొకటి రెండు రోజులు శ్రమించి ఇంకొన్ని సదుపాయాలు చేర్చి ఉండేవాడినని తరువాతి కాలంలో సరదాగా వ్రాసుకున్నాడు.

మరణం

2000 నవంబర్ 20న మేరీలాండ్‌లో ఇంటర్‌స్టేట్ 95 రహదారిపై జరిగిన ప్రమాదంలో మూస్ 42వ ఏట మరణించాడు. బి.ఆర్.ఎల్.-క్యాడ్ 2004 డిసెంబరులో ఓపెన్ సోర్సు రూపంలో విడుదలైంది. దానిని చూడడానికి అతడు జీవించి లేడు.